ఈజిప్టు క్యాంపెయిన్‌లో మా రోగ్ చచ్చిపోయింది, ఇప్పుడు ఏ ఆత్మని వెనక్కి పిలవాలి?

ఇసుకగడియారం | ఆదివారం, రాత్రి 11:52

అందరికీ నమస్కారం. మా టేబుల్ కూకట్‌పల్లిలో, నెలకి రెండు ఆదివారాలు ఆడతాం. డి అండ్ డి (డంజన్స్ అండ్ డ్రాగన్స్, పాచికలతో కథ ఆడే ఆట) ఐదో ఎడిషన్ రూల్సే, లోకం మాత్రం సొంతంగా అల్లుకున్నది. రామ్‌సెస్ రాజుల కాలం నాటి థీబ్స్ లాంటి ఊరు అనుకోండి.

ఇవాళ మా రోగ్, అంటే దొంగ పాత్ర, మేరిత్ పోయింది. సమాధిలో రాతి తలుపు మీద పడింది, సేవింగ్ త్రోలో (ప్రమాదం తప్పించుకోవడానికి వేసే పాచిక) 2 వచ్చింది, అంతే. ఎడమ చెయ్యి నలిగిపోయింది గానీ శవం దక్కింది. మా క్లెరిక్ (మంత్రాలు వేసే పూజారి పాత్ర) ఒక్క క్షణం ఆలస్యం చేయకుండా సంచీలోంచి 500 బంగారు నాణేల వజ్రం తీసి "రెయిజ్ డెడ్" అన్నాడు, అంటే చచ్చినవాళ్లని లేపే స్పెల్. సరే అనబోయి ఆగిపోయాను.

చనిపోయిన వాళ్ల ఆత్మకి తిరిగి రావడం ఇష్టమై ఉండాలి, వచ్చే స్వేచ్ఛ ఉండాలి అంటుంది స్పెల్. ఈజిప్టు వాళ్ల లెక్కన ఆత్మ ఒక్కటి కాదు, ఆరు నెలలుగా నేనే వీళ్లకి కా, బా, నీడ, పేరు అని దాని భాగాల కథలు చెబుతున్నాను. ఇప్పుడు "ఆత్మ వచ్చేసింది, లేచి కూర్చుంది" అంటే నా మొహం మీదే నవ్వుతారు. ఇంతకీ ఏది రావాలి? మీ టేబుళ్లలో ఎవరైనా చేశారా? సెషన్‌కి రెండు వారాలే ఉంది, టెన్షన్‌గా ఉంది.

పాచికలపిచ్చోడు | సోమవారం, ఉదయం 7:10

వజ్రం పుచ్చుకో, పిల్లని లేపు, బిర్యానీ తెప్పించు. ఇందులో సమస్య ఏముందన్నా?

నల్లపిల్లి | సోమవారం, ఉదయం 9:34

పిచ్చోడు గారి మాట పక్కన పెడదాం.

ముందే ఒకటి చెప్పాలి. "ఆత్మకి ఇన్ని భాగాలు" అని ఈజిప్టు వాళ్లు పట్టిక రాసి మనకి ఇచ్చి పోలేదు. మూడు వేల ఏళ్ల పాటు సమాధి గోడల మీద, శవపేటికల మీద, పపైరస్‌ల మీద రాసుకున్నదాన్ని మనం ఏరుకుంటున్నాం. నెట్‌లో తిరిగే "తొమ్మిది భాగాల" బొమ్మ చూసి, అదే వాళ్ల శాస్త్రం అనుకోకండి.

ఆటకి పనికొచ్చేవి మూడు.

'కా' గుర్తు పైకెత్తిన రెండు చేతులు. లక్సర్ గుడిలో ఒక గోడ మీద ఖ్నూమ్ దేవుడు కుమ్మరి సారె ముందు కూర్చుని ఇద్దరు పిల్లల్ని చేస్తుంటాడు. ఒకరు మూడో అమెన్‌హోటెప్, రెండోది అతని కా. ఇద్దరూ అచ్చు గుద్దినట్టు ఉంటారు. కా అంటే బతుకులోని సత్తువ అనుకోవచ్చు. దానికి ఆకలేస్తుంది, చచ్చాక కూడా. అందుకే సమాధుల్లో పదే పదే అదే మాట: వెయ్యి రొట్టెలు, వెయ్యి కుండల బీరు, వెయ్యి ఎద్దులు, వెయ్యి పక్షులు, ఫలానా వాళ్ల కా కోసం. ఆ తిండి అందుకోవడానికి సమాధిలో రాతితో ఒక ఉత్తుత్తి తలుపు చెక్కుతారు. మనుషులకి తెరుచుకోదు, కా మాత్రం దాని గుండా వచ్చిపోతుంది. మీ మేరిత్ మీద పడింది అలాంటి తలుపేనా? అయితే మీకు తెలియకుండానే మంచి సీన్ రాశారు.

కా ఎలా ఉంటుందో టేబుల్ మీద చూపించాలంటే హోర్ రాజు కొయ్య విగ్రహం ఫొటో చూపించండి. 1894లో దహ్‌షూర్‌లో దొరికింది, కైరో మ్యూజియంలో ఉంది. నెత్తి మీద ఆ రెండు చేతులు పైకి లేచి ఉంటాయి. పొదిగిన కళ్లు ఎంత సజీవంగా ఉంటాయంటే, రాత్రిపూట చూడకపోవడం మంచిది.

'బా' పక్షి. ఒళ్లు పిట్టది, తల మనిషిది. మనిషి స్వభావం, కదలిక అదే. పగలు సమాధి దాటి ఎగిరిపోతుంది, రాత్రికి శరీరం దగ్గరికి చేరాలి. మృతుల గ్రంథంలో (చచ్చినవాళ్లతో పాటు సమాధిలో పెట్టే మంత్రాలు) 89వ మంత్రం సరిగ్గా దీనికే: బా తన శవాన్ని కలుసుకోవడానికి. 'ఆనీ' అనే లేఖకుడి పపైరస్‌లో మమ్మీ మీద రెక్కలు చాపి వాలుతున్న బా బొమ్మ చూసే ఉంటారు.

'ఆఖ్' పుట్టుకతో రాదు. చచ్చాక కర్మకాండ సరిగ్గా జరిగి, తీర్పులో గట్టెక్కితే మనిషి ఆఖ్ అవుతాడు. మీ భాషలో చెప్పాలంటే అది లెవెల్ అప్. మేరిత్ ఇంకా అక్కడిదాకా రాలేదు.

కాబట్టి నా జవాబు: వజ్రంతో రావాల్సింది బా. కానీ కా ఆకలితో ఉంటే వచ్చిన బా నిలవదు.

డల్లాస్_డైస్ | సోమవారం, రాత్రి 8:15 (ఇక్కడ ఉదయం)

రూల్స్ వైపు నుంచి ఒక తమాషా. "స్పీక్ విత్ డెడ్" జాగ్రత్తగా చదవండి. శవం ఐదు ప్రశ్నలకి జవాబిస్తుంది. కానీ ఆ స్పెల్ ఆత్మని వెనక్కి తేదు, శరీరాన్ని కదిలించే ప్రాణశక్తిని మాత్రమే తెస్తుందని అందులోనే రాసి ఉంది. అంటే డి అండ్ డి కూడా చాటుగా రెండు ముక్కలు చేసేసింది! కా ఇక్కడ, బా ఎక్కడో. నేనైతే స్పీక్ విత్ డెడ్‌లో జవాబిచ్చేది కా అంటాను. అది బతికుండగా తెలిసినవే చెబుతుంది, కొత్తవి నేర్చుకోదు, అబద్ధం ఆడడానికి కూడా వెనకాడదు. స్పెల్ రూల్ కూడా అంతే.

ఇంకోటి. "ట్రూ రెసరెక్షన్"లో అసలు శరీరమే మిగలకపోతే, కొత్త శరీరం రావాలంటే చచ్చిన వాళ్ల పేరు పలకాలి. రెన్, అంటే ఈజిప్టు వాళ్ల లెక్కన ఆత్మలో పేరు అనే భాగం! రాసినవాళ్లు ఈజిప్టు గురించి ఆలోచించారో లేదో తెలీదు గానీ చక్కగా కుదిరింది.

లెక్కలమాస్టారు | సోమవారం, రాత్రి 10:40

దీనికి నా దగ్గర సిస్టమ్ ఉంది. క్యారెక్టర్ షీట్ వెనక ఐదు ట్రాకులు వేయండి: గుండె, బా, కా, పేరు, నీడ. ఒక్కోదానికి 1 నుంచి 5. "మమ్మీ: ది కర్స్" అనే ఆటలో ఇదే పద్ధతి, అక్కడ ఆటగాళ్లే మమ్మీలు. అబ్, బా, కా, రెన్, షెయుత్ అని ఐదు స్తంభాలుంటాయి. పైగా సెఖెమ్ అనే శక్తి 10తో మొదలై తరిగిపోతూ ఉంటుంది, అంటే నిద్రలేచినప్పుడు మహాబలం, పోనుపోను నీరసం. మామూలు ఆటల్లో బలం పెరుగుతుంది కదా, ఇక్కడ తిరగేశారు.

మేరిత్ చచ్చినప్పుడు ప్రతి ట్రాక్‌కి ఒక సేవింగ్ త్రో. కా ఫెయిలైతే కాన్‌స్టిట్యూషన్‌లో (ఒంటి సత్తువ) 2 తగ్గించు. బా ఫెయిలైతే కరిజ్మాలో (ఆకర్షణ). నీడ ఫెయిలైతే అది షాడో మాన్‌స్టర్ అయిపోయి పార్టీ (ఆటగాళ్ల పాత్రల జట్టు) వెంట పడుతుంది. పట్టిక పంపమంటారా?

పాచికలపిచ్చోడు | సోమవారం, రాత్రి 10:44

మాస్టారూ, మీ సిస్టమ్‌లో చావడం కన్నా ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్న్ నింపడం సుళువు.

నీడ మాన్‌స్టర్ అవడం మాత్రం అదిరింది. అది నేను కొట్టేస్తున్నా.

గోదారిగట్టు | మంగళవారం, ఉదయం 6:25

ఇది చదువుతుంటే మన పదో రోజు గుర్తొచ్చింది. పిండం పెట్టి కాకి కోసం చూడడం, ముట్టకపోతే పోయినవాళ్లకి ఏదో కోరిక మిగిలిపోయిందనడం. పిట్ట రూపంలో ఆత్మ, పోయాక ఆకలి, రెండూ ఉన్నాయి. చిత్రగుప్తుడి చిట్టాకి అక్కడ లెక్కలు రాసే దేవుడు తోత్ ఉన్నాడు. ఇసుకగడియారం గారు ఆ పోలికతో చెబితే ఆడేవాళ్లకి ఇట్టే ఎక్కుతుంది కదా?

నల్లపిల్లి | మంగళవారం, ఉదయం 9:02

ఎక్కుతుంది, అదే భయం. పోలిక మొదటి పది నిమిషాలు సాయం చేస్తుంది, తర్వాత దారి తప్పిస్తుంది. మనం శరీరాన్ని కాల్చేస్తాం, ఇక ఇటు చూడకు అని పంపేస్తాం. వాళ్లు డెబ్భై రోజులు కష్టపడి ఆ శరీరాన్నే నిలబెడతారు, రాత్రికి బా వాలడానికి కొమ్మ కావాలి కాబట్టి. మన దగ్గర వెళ్లనివ్వడం పుణ్యం. అక్కడ శరీరం పాడైతే ఆపద. మీ ఆటగాళ్లు మేరిత్‌ని దహనం చేద్దాం అన్నారనుకోండి, ఆ లోకంలో అది దయ కాదు, దాదాపు శిక్ష.

కాకి మాత్రం తీసుకోండి. ఆ ఎదురుచూపు మనకి బాగా తెలుసు. దానికి వివరణ అక్కర్లేదు.

ఇసుకగడియారం | మంగళవారం, రాత్రి 11:15

నల్లపిల్లి గారూ, డెబ్భై రోజులు అనగానే ఒకటి వెలిగింది. రెయిజ్ డెడ్‌కి గడువు పది రోజులు. అదీకాక బతకడానికి కావలసిన అవయవాలు లేకపోతే స్పెల్ పనిచేయదు. మమ్మీ చేసేవాళ్లు ఏం చేస్తారు? ఎడమ పక్క కోసి కాలేయం, ఊపిరితిత్తులు, జీర్ణాశయం, పేగులు తీసి విడిగా దాస్తారు. అంటే కోత పడిన క్షణం నుంచి మేరిత్‌కి ఈ వైపు దారి మూసుకుపోతుంది, ఆ వైపు దారి తెరుచుకుంటుంది. రెండూ కావాలంటే కుదరదు!

అంటే వచ్చే సెషన్ అంతా ఆ కోత పడకముందే జరగాలి. శవం నాట్రాన్ ఉప్పు ఇంట్లో ఉంది, అంటే ఆ ఉప్పుతో శవాన్ని ఎండబెట్టి మమ్మీ చేసే చోట. వాళ్ల అమ్మ మమ్మీ చేయించాలంటుంది. పార్టీ బతికించాలంటుంది. ఎవరి మాట చెల్లాలి?

డల్లాస్_డైస్ | బుధవారం, ఉదయం 5:50

ఇది బంగారం. ట్రాకులూ వద్దు, పట్టికలూ వద్దు. ఒక్క కత్తి చాలు.

శవం పాడవకుండా ఉంచే "జెంటిల్ రిపోజ్" వేస్తే పది రోజుల లెక్క ఆగుతుంది, కాబట్టి తొందర కావాలంటే క్లెరిక్‌కి ఆ స్పెల్ దొరక్కుండా చూడండి.

అన్నట్టు, మాన్‌స్టర్ మాన్యువల్‌లో (డి అండ్ డి రాక్షసుల పుస్తకం) మమ్మీ లార్డ్ గుండె జాడీలో ఉంటుంది, దాన్ని కాల్చేదాకా వాడు కొత్త ఒంటితో తిరిగొస్తూనే ఉంటాడు. ఆడడానికి బావుంటుంది గానీ ఈజిప్టు లెక్కన తలకిందులు. తీసిన అవయవాలు దాచే నాలుగు జాడీల్లో గుండె ఉండదు. గుండె ఒంట్లోనే వదిలేస్తారు, ఎందుకంటే చచ్చాక జరిగే తీర్పులో తూకానికి అదే వెళ్లాలి. పనికిరాదని పారేసింది మెదడుని.

పాచికలపిచ్చోడు | బుధవారం, ఉదయం 8:30

మెదడు పారేస్తారా! మా పార్టీ వాళ్లకి బతికుండగానే చేశారు.

తూకం అంటే గుర్తొచ్చింది. మేరిత్ దొంగ కదా. తూకంలో ఎలాగూ పోతుంది. లాఫుల్ గుడ్ (ఆట భాషలో నీతిగా ఉండేవాళ్లు) అయితే పాసు, కేయాటిక్ (కట్టుబాట్లు పట్టనివాళ్లు) అయితే మొసలికి ఫలహారం. అంతేనా?

నల్లపిల్లి | బుధవారం, ఉదయం 10:20

అంత సూటిగా ఉంటే నేను ఈ సబ్జెక్ట్ మీద ఇన్నేళ్లు పడి ఉండేదాన్ని కాదు.

ఒక పక్క గుండె, ఇంకో పక్క సత్యదేవత మాత్ ఈక. అనుబిస్ త్రాసు చూస్తాడు, తోత్ రాస్తాడు. పక్కన అమ్మిత్ కాచుకుని ఉంటుంది: మొసలి తల, సింహం ముందు భాగం, నీటి గుర్రం వెనక భాగం. ఈ మూడూ మనుషుల్ని చంపేవే. ఓడిపోతే నరకానికి పంపడం ఉండదు, మనిషి ఇక ఉండడు. దాన్ని రెండో చావు అంటారు.

అక్కడ 42 మంది దేవతల ముందు ఒక్కొక్కరికీ ఒక్కో మాట చెప్పాలి. దొంగిలించలేదు, అబద్ధం ఆడలేదు, చాటుగా వినలేదు. రోగ్ క్లాస్ వాళ్లు చివరిదాని దగ్గరే దగ్గుతారు.

ఇక అసలు రుచి. అదే మృతుల గ్రంథంలో 30బి మంత్రం ఉంది, పచ్చరాతి పేడపురుగు బొమ్మ అడుగున చెక్కి గుండె మీద పెడతారు. అందులో మనిషి తన గుండెనే బతిమాలుతాడు: నా గుండె, అమ్మ ఇచ్చిన నా గుండె, నాకు వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పకు, త్రాసు కాపరి ముందు నాకు అడ్డుపడకు. అంటే తీర్పు మీద నమ్మకం ఉంది, జేబులో తాయెత్తూ ఉంది. దీన్ని మోసం అనాలా, భయం అనాలా? నేను భయం అంటాను.

లెక్కలమాస్టారు | బుధవారం, ఉదయం 10:31

మోసమే. రూల్స్ భాషలో అది అడ్వాంటేజ్ ఇచ్చే మ్యాజిక్ ఐటమ్. డిసెప్షన్ రోల్, డీసీ (పాచికతో అందుకోవాల్సిన అంకె) 42.

నల్లపిల్లి | బుధవారం, ఉదయం 10:36

మాస్టారూ, ఆ 42 భలే కుదిరింది, ఒప్పుకుంటున్నా. కానీ నేను రోల్ చేయించను. మేరిత్‌ని ఆడే అమ్మాయిని ఆ వాక్యాలు పైకి చదవమంటాను. ఏ వాక్యం దగ్గర గొంతు ఆగుతుందో అక్కడ సీన్ మొదలవుతుంది.

గోదారిగట్టు | బుధవారం, రాత్రి 9:05

ఒక డౌట్. క్యారెక్టర్ చచ్చాక ఆ అమ్మాయి రెండు సెషన్లు ఖాళీగా ఫోన్ చూసుకుంటూ కూర్చోవాలా? మా టేబుల్లో ఇలాగే ఒకతను మానేశాడు.

డల్లాస్_డైస్ | గురువారం, ఉదయం 6:12

బా ఆడమనండి. పగలంతా ఊరి మీద ఎగరొచ్చు, అన్నీ చూడొచ్చు, బతికున్నవాళ్లతో మాట్లాడలేదు. చీకటి పడేసరికి శవం దగ్గర ఉండాలి. మిగతావాళ్లకి తెలియనివి ఆమెకి తెలుస్తాయి, చెప్పలేదు. పార్టీ తన గురించి ఏమనుకుంటుందో కూడా వింటుంది.

బెర్లిన్ మ్యూజియంలో మధ్య రాజ్యం నాటి పపైరస్ ఒకటుంది, 3024 నంబరు. బతుకు మీద విరక్తి పుట్టిన మనిషి తన బాతోనే వాదిస్తాడు, అదేమో వదిలి పోతానంటుంది. సొంత బాతోనే తగువు పడగలిగినప్పుడు, దాన్ని క్యారెక్టర్‌గా ఆడడానికి మనకేం అడ్డు?

ఇసుకగడియారం | శుక్రవారం, రాత్రి 12:20

అందరికీ దండాలు. బా ఐడియా తీసుకున్నా. కానీ పాత ఫైల్ తిరగేస్తుంటే గుండె జారింది.

మేరిత్ అసలు పేరు మేరిత్ కాదు.

మొదటి సెషన్‌లో ఆ అమ్మాయి "నా క్యారెక్టర్ పార్టీకి దొంగ పేరే చెబుతుంది" అని, అసలు పేరు షీట్ కింద రాసి, మడిచి, టేప్ అంటించి ఇచ్చింది. ఆరు నెలలయింది, నేను మర్చేపోయా. ఇప్పుడు క్లెరిక్ "మేరిత్, రా" అని పిలిస్తే ఎవరొస్తారు?

నల్లపిల్లి | శుక్రవారం, ఉదయం 8:48

ఎవరూ రారు! ఎంత బాగుంది!

మేరిత్ అంటే 'ప్రియమైనది'. దొంగ పేరుగా పెట్టుకోవడంలో ఆ అమ్మాయి తెలిసి చేసిందో తెలియక చేసిందో.

పేరంటే వాళ్లకి లేబుల్ కాదు, మనిషిలో భాగం. మూడో రామ్‌సెస్ మీద అంతఃపురంలో కుట్ర జరిగింది కదా, ఆ విచారణ పపైరస్ టూరిన్‌లో ఉంది. కుట్రదారుల్లో కొందరిని అందులో అసలు పేర్లతో రాయలేదు. ఒకడి పేరు మెసెద్‌సూరే, అంటే 'సూర్యదేవుడు రా వీణ్ని అసహ్యించుకుంటాడు'. అసలు పేరు 'రా ప్రేమించేవాడు' అయ్యుంటుందని పండితుల ఊహ. ఒక్క ముక్క మార్చారు, చచ్చాక కూడా వాడికి చోటు లేకుండా చేశారు. ఆ రాజు మమ్మీకి సీటీ స్కాన్ తీస్తే గొంతు లోతుగా కోసి ఉన్నట్టు 2012లో బయటపడింది.

అసలు పేరు ఎవరికి తెలుసు? వాళ్ల అమ్మకి. ఆమె మాట ఒకటి, పార్టీ మాట ఒకటి అన్నారుగా. ఇక చూసుకోండి.

గోదారిగట్టు | శుక్రవారం, సాయంత్రం 7:30

పేరంటే గుర్తొచ్చింది. ఆరో తరగతిలో మమ్మల్ని హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియంకి తీసుకెళ్లారు. గాజు పెట్టెలో మమ్మీ. పిల్లలందరూ ముక్కు మూసుకుని నవ్వుతుంటే మా తెలుగు టీచరు బోర్డు మీద పేరు చూసి "నైషు" అని పైకి చదివారు, ఇంట్లో పిల్లని పిలిచినట్టు. ఆ తర్వాత ఎవరూ నవ్వలేదు. అప్పుడు ఎందుకో తెలీలేదు.

నల్లపిల్లి | శుక్రవారం, సాయంత్రం 7:52

సమాధుల మీద దారిన పోయేవాళ్లకి విన్నపం ఉంటుంది: తిండి లేకపోతే పోనీ, నోటితో మాట అయినా అనండి అని. మీ టీచరు గారు సరిగ్గా ఆ పనే చేశారు.

ఇసుకగడియారం గారూ, చివరిగా ఒకటి ఇచ్చి తప్పుకుంటా. చచ్చినవాళ్లకి ఉత్తరాలు రాసేవారు, కొన్ని తిండి పెట్టే గిన్నెల మీదే. లైడెన్‌లో ఉన్న పపైరస్‌లో ఒక భర్త చనిపోయిన భార్య అంఖిరికి రాస్తాడు: నేను నీకేం ద్రోహం చేశాను, ఎందుకు నన్నిలా పీడిస్తున్నావు, మూడేళ్లుగా ఒంటరిగానే ఉన్నానే అని. పార్టీకి ఆమెతో మాట్లాడే దారి కావాలంటే గిన్నె, సిరా ఇవ్వండి.

ఇసుకగడియారం | ఆదివారం, రాత్రి 11:58 (రెండు వారాల తర్వాత)

ఆడేశాం. ఐదున్నర గంటలు.

బా కోసం చదరంగం బంటు నెత్తిన పిచ్చుక ఈక అంటించా. ఆ అమ్మాయి దాన్ని పట్టుకుని టేబుల్ అంతా తిప్పింది, ఒక్క మాట మాట్లాడలేదు. క్లెరిక్ వజ్రం పెట్టి "మేరిత్" అని మూడుసార్లు పిలిచాడు. బంటు కదల్లేదు. వజ్రం మాత్రం కరగనివ్వలేదు, అంత క్రూరుణ్ణి కాను. అప్పుడు వాళ్లకి అనుమానం వచ్చింది: మనకి తను ఎవరో తెలియదా అని. ఆ మాట అంటున్నప్పుడు ఆ అమ్మాయి ఈక వైపే చూస్తూ కూర్చుంది.

గిన్నె మీద ఉత్తరం రాశారు, ఫైటర్ ఆడే అబ్బాయే నిజంగా కాగితం గిన్నె మీద పెన్నుతో రాశాడు: "నీ పేరు అడగకుండా ఆరు నెలలు నీతో తిరిగాం." దాన్ని పట్టుకుని వాళ్లమ్మ ఇంటికి వెళ్లారు. అమ్మని నేనే ఆడా. క్షమాపణ చెప్పి, రొట్టె, బీరు పెట్టాక ఆమె నాట్రాన్ ఇంటికి వచ్చింది. కోసేవాడు కత్తి పట్టుకుని ఉన్నాడు. టేప్ ఊడదీసి, మడత విప్పి, చదివాను: "తా-మియు." ఆడపిల్లి అని అర్థం, చిన్నప్పటి ముద్దుపేరు అట.

బంటు వెంటనే రాలేదు. ఆ అమ్మాయి చాలాసేపు ఆలోచించింది. తర్వాత ఆ సాయంత్రం మొత్తంలో మొదటిసారి నోరు తెరిచి, "రొట్టె ఇంకా ఉందా?" అంది.

నలిగిన చెయ్యి అలాగే ఉంది, రెయిజ్ డెడ్ కొత్త చెయ్యి ఇవ్వదు. తిరిగి లేచినవాళ్ల రోల్స్‌కి స్పెల్ పెట్టే మైనస్ 4 కూడా ఉంచా. లేచాక మొదటి రోల్‌లో 3 పడింది.

లెక్కలమాస్టారు | సోమవారం, ఉదయం 7:05

మైనస్ 4 పోగా మైనస్ 1. రికార్డు.

నల్లపిల్లి | సోమవారం, ఉదయం 9:15

పిల్లి అని పెట్టిందా! ఆ అమ్మాయికి నా నమస్కారం చెప్పండి.

పాచికలపిచ్చోడు | సోమవారం, ఉదయం 9:40

అంతా బాగుంది గానీ, ఆ రాతి తలుపు అవతల ఏముందో ఎవరూ చూడలేదా?

ఇసుకగడియారం | సోమవారం, ఉదయం 9:47

అక్కడికే వెళ్తున్నారు. నీడని తలుపు కిందే వదిలేసి వచ్చిన సంగతి వాళ్లకి ఇంకా తెలీదు.